పసుపు క్రీముకు కుందేలు పరీక్ష రిపోర్టు కావాలంటున్నారు, చేయించాలా?

పటమట_క్రీములు అడిగిన ప్రశ్న

నమస్కారం అండి. విజయవాడలో చిన్న యూనిట్, కాస్మెటిక్ తయారీ లైసెన్సు ఉంది. ఉత్పత్తి ఒకటే: ముఖానికి రాసుకునే పసుపు క్రీము, 50 గ్రాముల డబ్బా. నీటిలో నూనె రకం. నువ్వులనూనె 8 శాతం, ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ 5, గ్లిజరిన్ 4, దుగ్గిరాల పసుపు ఎక్స్‌ట్రాక్ట్ 0.5, ఫినాక్సీఇథనాల్ (క్రీము పాడవకుండా వేసేది) 0.9, కొద్దిగా సువాసన, మిగతాది నీళ్లు. పీహెచ్ 5.3.

జర్మనీ నుంచి ఒక కొనుగోలుదారు అడుగుతున్నారు. ఏ దశలోనూ జంతువుల మీద పరీక్షించలేదని రాసివ్వాలట. ఇక్కడి కన్సల్టెంట్ ఏమో "కుందేలు చర్మం మీద ఇరిటేషన్ రిపోర్టు లేకపోతే సేఫ్టీ ఫైలు నిలవదు, ల్యాబులో చేయించేద్దాం" అంటున్నారు. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి?

నా ప్రశ్నలు: కుందేలు రిపోర్టు చట్టం అడుగుతుందా? అడగకపోతే దాని బదులు ఏ పరీక్షలు, ఏ వరుసలో? లేబుల్ మీద ఏమని రాయవచ్చు?

నియమం_ముఖ్యం

చట్టం అడగదు సరికదా, వద్దంటుంది. ఆ రిపోర్టు చేయిస్తే మీరే నేరుగా నిబంధన మీరినవాళ్లవుతారు.

1945 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్సులో 2014 మేలో 148-సి అనే రూలు చేర్చారు. కాస్మెటిక్ పరీక్షకు ఎవరూ ఏ జంతువునూ వాడకూడదు, అంతే. మినహాయింపు లేదు, "ప్రత్యామ్నాయం లేకపోతే తప్ప" అన్న వెసులుబాటూ లేదు. అదే సంవత్సరం నవంబర్ 12 నుంచి, జంతువులపై కొత్తగా పరీక్షించిన కాస్మెటిక్స్ దిగుమతిని కూడా ఆపేశారు. 2020 డిసెంబర్‌లో కాస్మెటిక్స్ రూల్స్ విడిగా వచ్చినప్పుడు ఈ నిషేధాలు వాటిలోకి వచ్చాయి. మీ లైసెన్సు ఫారం కాస్-8 కదా, అది ఇచ్చింది ఆ రూల్సు కిందే.

పాత అలవాటు ఎక్కడినుంచి వచ్చిందంటే, చర్మం, కంటి భద్రత పరీక్షల పాత పద్ధతి పుస్తకాల్లో కుందేలే ఉండేది. ఇప్పుడు చూడాల్సింది బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఐఎస్ 4011, 2018 నాటి సవరణ. చర్మం మీద చివరి పరీక్ష అందులో మనుషుల ప్యాచ్ పరీక్షే, అంటే చర్మం మీద పట్టీ వేసి చూసేది. మీ కన్సల్టెంట్ చేతిలో ఉన్నది పాత ప్రతి అయి ఉండాలి.

ఒక హెచ్చరిక. శాంపిల్ పేరు "హెర్బల్ టాపికల్ ఫార్ములేషన్" అని మార్చి, కాస్మెటిక్ అనే మాట లేకుండా కుందేలు పరీక్ష చేయిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. బ్యాచ్ నంబరు మీ డబ్బా మీదదే అయినప్పుడు పేరు మార్చి లాభం లేదు. పైగా జర్మనీ తలుపు శాశ్వతంగా మూసుకుపోతుంది. యూరప్‌లో పూర్తయిన ఉత్పత్తి మీద జంతు పరీక్షలు 2004లోనే ఆగాయి. పదార్థాల మీద పరీక్షలను 2009 మార్చి 11న ఆపారు. పరీక్షించినవాటి అమ్మకం 2013 మార్చి 11 నుంచి పూర్తిగా నిషేధం. అక్కడి ప్రోడక్ట్ ఇన్ఫర్మేషన్ ఫైలులో తయారీదారు గానీ, ఏజెంట్లు గానీ, సరఫరాదారులు గానీ చేసిన జంతు పరీక్షల వివరం రాయాలని నిబంధన ఉంది. వేరే దేశపు చట్టం కోసం చేసినా రాయాల్సిందే. కొనుగోలుదారు అడుగుతున్నది దానికోసమే.

ఇంకోటి, మీది కాస్మెటిక్ లైసెన్సు. "మొటిమలు తగ్గిస్తుంది, మంగు పోగొడుతుంది" అని రాశారో, అది మందు కిందికి పోతుంది. ఆయుర్వేదం కింద అమ్మాలంటే 25-డి లైసెన్సు, వేరే అధ్యాయం, వేరే లెక్క. కాస్మెటిక్ నిషేధం కల్పించే రక్షణ కావాలంటే కాస్మెటిక్ భాషలోనే ఉండండి.

కణజాలం

ల్యాబు వైపు నుంచి చెబుతాను. పసుపు ఉన్న క్రీము మామూలు క్రీములాంటిది కాదు, దానికి కొన్ని ఉచ్చులున్నాయి.

ముందు కుందేలు గురించి ఒక్క మాట. 1944లో అమెరికా ఎఫ్‌డీఏలో జాన్ డ్రైజ్ పెట్టిన పద్ధతి ఇది. కంటి పరీక్షలో కుందేలు కింది రెప్పను లాగి 0.1 మిల్లీలీటరు పదార్థం వేసి 1, 24, 48, 72 గంటలకు, అవసరమైతే 21 రోజుల దాకా ఎరుపు, వాపు, కార్నియా తెల్లబడటం చూసి మార్కులు వేసేవారు. ఆ జీవి పడే బాధ ఒక ఎత్తు, ఫలితం మనకు సరిగ్గా సరిపోకపోవడం మరో ఎత్తు. కుందేలుకు మూడో రెప్ప ఉంటుంది, కన్నీళ్లు మనకంటే తక్కువ, పడిన మందు కడుక్కుపోదు. మార్కులు వేసేది కంటిచూపుతో, కాబట్టి ల్యాబుకూ ల్యాబుకూ తేడా వచ్చేది. ఒక ముఖం క్రీము కోసం ఇదంతా ఒక ప్రాణికి పెట్టడం ఎప్పుడూ న్యాయం కాదు, ఇప్పుడైతే అవసరం కూడా లేదు.

చర్మానికి కావలసిన మొదటి కణాల పరీక్ష ఓఈసీడీ 439 (ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ పరీక్షా మార్గదర్శకాల్లో 439వది). మనిషి చర్మకణాలతో పెంచిన పొర మీద చేస్తారు. ఎపిడెర్మ్ అనే నమూనా అయితే 0.63 చదరపు సెంటీమీటర్ల పొరలు, ఒక్కో శాంపిల్‌కు మూడు. 30 మైక్రోలీటర్ల క్రీము వేసి 60 నిమిషాలు ఉంచి, కడిగి, 42 గంటలు ఇంక్యుబేటర్లో వదిలేస్తారు. తర్వాత ఎంటీటీ అనే పసుపురంగు ద్రావణంలో 3 గంటలు. బతికున్న కణాలు దాన్ని ఊదారంగుగా మారుస్తాయి. ఆ ఊదాను ఐసోప్రొపనాల్‌లోకి దించి 570 నానోమీటర్ల దగ్గర చదువుతారు. పోలిక కోసం నీళ్లు వేసిన పొరతో (కంట్రోలుతో) చూస్తే 50 శాతం గానీ అంతకు తక్కువ గానీ కణాలు బతికితే అది ఇరిటెంట్. పక్కనే 5 శాతం ఎస్‌డీఎస్ (ఘాటైన సబ్బు రసాయనం) పాజిటివ్ కంట్రోల్, అంటే కచ్చితంగా మంట పెట్టే పోలిక శాంపిల్, తప్పనిసరి. క్రీము చిక్కగా ఉంటే పొర మీద గుట్టలా నిలబడిపోతుంది, మొత్తం పరుచుకోదు. పైన నైలాన్ జాలీ పెట్టమని అడగండి.

ఇప్పుడు అసలు ఉచ్చు. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్‌కు ఎలక్ట్రాన్లు ఇచ్చే గుణం ఉంది. చర్మకణం అక్కర్లేకుండా తనే ఎంటీటీని ఊదాగా మార్చేయగలదు. అంటే కణాలు చచ్చిపోయినా రీడింగు "బతికే ఉన్నాయి" అంటుంది. హాని చేసే క్రీము కూడా పాసైపోతుంది! దీన్ని పట్టుకోవడానికి పెద్ద ఖర్చేం లేదు. ఒక మిల్లీలీటరు ఎంటీటీ ద్రావణంలో 30 మైక్రోలీటర్ల క్రీము కలిపి, చీకట్లో 37 డిగ్రీల దగ్గర గంట ఉంచాలి. నీళ్లు కలిపిన గొట్టం పసుపుగానే ఉండి, మీ గొట్టం నీలం, ఊదా తిరిగితే సమస్య ఉన్నట్టే. అప్పుడు గడ్డకట్టించి చంపిన పొరల మీద కూడా అదే పరీక్ష నడిపి, అక్కడ వచ్చిన దొంగ ఊదాను అసలు లెక్కలోంచి తీసేయాలి. రంగు వల్ల వచ్చే తేడాకు మరో కంట్రోలు. ఇది 5 శాతం దాటితే తీసివేత చేయాలి, మరీ ఎక్కువైతే హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను వేరుచేసి కొలిచే యంత్రం)తో ఫార్మజాన్‌ను, అంటే ఆ ఊదా పదార్థాన్ని, విడిగా కొలవాలి. కర్క్యుమిన్ కాంతిని ఎక్కువగా పీల్చుకునేది 425 నానోమీటర్ల దగ్గర కాబట్టి 570లో రంగు గోల తక్కువే, కర్క్యుమిన్ తనే ఎంటీటీని ఊదాగా మార్చడమే (రిడక్షన్) ప్రమాదం. కొటేషన్ అడిగేటప్పుడే "శాంపిల్‌లో పసుపు ఉంది, చంపిన పొరల కంట్రోలు కలిపి రేటు చెప్పండి" అనండి. రిపోర్టులో ఆ వరుస లేకపోతే జర్మనీలో సేఫ్టీ అసెసర్ (భద్రత ఫైలును పరిశీలించే నిపుణుడు) మొదటి చూపులోనే వెనక్కి పంపుతారు.

కంటికి: ముఖం క్రీము కంట్లో పడుతుంది కాబట్టి ఓఈసీడీ 492, మనిషి కార్నియా కణాల పొర. దీనికీ ఎంటీటీయే, అదే ఉచ్చు, అవే కంట్రోళ్లు. చవకగా ముందే ఒక అంచనా కావాలంటే హెట్-క్యామ్ ఉంది: 9 రోజులు పొదిగిన కోడిగుడ్డు పెంకు తీసి, లోపలి రక్తనాళాల పొర మీద 0.3 మిల్లీలీటరు వేసి 300 సెకన్లు రక్తస్రావం, నాళాలు కరిగిపోవడం, గడ్డకట్టడం చూస్తారు. దుకాణంలో దొరికే గుడ్లు పనికిరావు, హ్యాచరీ నుంచి పొదిగే గుడ్లు తేవాలి. పసుపు క్రీము పొరను కప్పేసి ఏమీ కనబడదు కాబట్టి కాసేపాగి సెలైన్‌తో కడిగి చూడాలి. ఇది ఓఈసీడీ మార్గదర్శకం కాదు, ఫార్ములా ఎంచుకునేటప్పుడు మీ సొంత వడపోతకే వాడండి.

కర్క్యుమిన్ వెలుతురును పీల్చుకుంటుంది కాబట్టి "ఎండలో చర్మానికి చేటా" అన్న ప్రశ్న కూడా వస్తుంది. దానికి ఓఈసీడీ 432. కణాలను ఒక ప్లేటులో చీకట్లో, ఇంకో ప్లేటులో చదరపు సెంటీమీటరుకు 5 జౌళ్ల యూవీఏ వెలుగులో ఉంచి పోలుస్తారు. ఎక్స్‌ట్రాక్ట్ మీద చేయించండి, క్రీము మీద కాదు.

అలర్జీకి మూడు పరీక్షలున్నాయి: డీపీఆర్ఏ, కెరటినోసెన్స్, హెచ్-క్లాట్. మూడింట్లో రెండు ఒకే మాట చెబితే అదే ఫలితం అని 2021లో వచ్చిన ఓఈసీడీ 497 అంటుంది. కానీ ఇవి ఒక్కో రసాయనానికి కట్టినవి. డీపీఆర్ఏలో పెప్టైడుకు (చిన్న ప్రొటీన్ ముక్కకు) ఎన్ని రెట్లు పదార్థం కలపాలో అణుభారం చూసి లెక్కిస్తారు, సిస్టీన్ ఉన్న పెప్టైడుకు 10 రెట్లు, లైసిన్ ఉన్నదానికి 50 రెట్లు. పది రకాల అణువులున్న ఎక్స్‌ట్రాక్ట్‌కు అణుభారం అంటే ఏం రాస్తారు? హెచ్-క్లాట్‌లో ఇంకో తిప్పలు, కర్క్యుమిన్ తనే ఆకుపచ్చగా మెరుస్తుంది, కణాలను లెక్కించే ఫ్లో సైటోమీటర్ వాడే మెరుపు రంగు కూడా అదే. కాబట్టి పూర్తి క్రీమును ఈ మూడింటికీ పంపి డబ్బు తగలేయొద్దు. సువాసనలో ఉన్న అలర్జెన్లకు సరఫరాదారు దగ్గర డేటా ఉంటుంది, అది తెప్పించుకోండి. ఎక్స్‌ట్రాక్ట్‌కు కర్క్యుమినాయిడ్ల శాతం తెలిసిన గ్రేడు కొనండి.

ల్యాబు ఎంచుకునేటప్పుడు జీఎల్‌పీ (మంచి ల్యాబు పద్ధతుల) సర్టిఫికెట్ చూడండి. మన దేశం ఓఈసీడీ పరస్పర ఆమోద ఒప్పందంలో 2011 నుంచి పూర్తి సభ్యురాలు. ఇక్కడి జీఎల్‌పీ రిపోర్టు అక్కడ చెల్లుతుంది. ఆ సర్టిఫికెట్ ఏయే రకం పరీక్షలకు ఇచ్చారో కూడా చదవాలి. రసాయన విశ్లేషణకు మాత్రమే ఉండి, కణాల పరీక్షకు లేకపోతే ఉపయోగం లేదు.

పటమట_క్రీములు

చాలా వివరంగా చెప్పారండీ, ధన్యవాదాలు. చంపిన పొరల సంగతి ఎవరూ చెప్పలేదు. రెండు సందేహాలు. ఫినాక్సీఇథనాల్ లాంటివాటికి ఉన్న పాత సమాచారం అంతా ఎలుకల మీద చేసిందే. దాన్ని ఫైలులో పెడితే "జంతు పరీక్ష" అయిపోతుందా? మనుషుల ప్యాచ్ పరీక్ష ఎప్పుడు చేయించాలి?

నియమం_ముఖ్యం

అవదు. నిషేధించింది కొత్తగా పరీక్ష చేయడాన్ని. దశాబ్దాల కింద చేసి ప్రచురించిన సమాచారాన్ని వాడుకోవచ్చు, యూరప్‌లోనూ అంతే. అది వాడకపోతే అదే ప్రశ్నకు మళ్లీ ఇంకో ఎలుకను చంపాల్సి వస్తుంది కదా.

లెక్క ఇలా వేస్తారు. ముఖం క్రీము రోజుకు 1.54 గ్రాములు వాడతారని యూరప్ సైంటిఫిక్ కమిటీ అంచనా, శరీర బరువు మీద కిలోకు 24.14 మిల్లీగ్రాములు. అందులో ఫినాక్సీఇథనాల్ 0.9 శాతం అంటే 0.217 మిల్లీగ్రాములు. అంతా చర్మంలోకి ఇంకుతుందనే అనుకుందాం. హాని కనబడని మోతాదు దీనికి కనీసం 100 రెట్లు, అంటే 21.7 మిల్లీగ్రాములు ఉండాలి. ప్రతి పదార్థానికీ ఈ వరుస రాయాలి. ఫినాక్సీఇథనాల్ గరిష్ఠ పరిమితి 1 శాతం, మీరు లోపలే ఉన్నారు. పసుపు ఎక్స్‌ట్రాక్ట్‌కు ఈ అంకె దొరకడమే కష్టం. తినే పసుపు మీద ఉన్న సమాచారంతో పాటు, ఓఈసీడీ 428 పద్ధతిలో చర్మం గుండా ఎంత దిగుతుందో కొలిపిస్తే అసెసర్‌కు పట్టు దొరుకుతుంది.

బ్రాడీపేట_ఫార్ములేటర్

ప్యాచ్ పరీక్ష ఎప్పుడూ చివర్లోనే. కణాల పరీక్ష, సూక్ష్మజీవుల పరీక్ష, లోహాల పరీక్ష పాసయ్యాక మాత్రమే మనిషి చర్మం మీదికి వెళ్లాలి. కుందేలును తప్పించి ఆ ముప్పును మనిషి మీదికి తోస్తే మనం సాధించిందేం లేదు.

ఐఎస్ 4011 ప్రకారం ఆరోగ్యంగా ఉన్న 24 మంది. ఎథిక్స్ కమిటీ అనుమతి, వాళ్ల భాషలో, అంటే తెలుగులో, రాతపూర్వక అంగీకారం. మీ క్రీము, పక్కనే 0.9 శాతం సెలైన్, 1 శాతం సోడియం లారిల్ సల్ఫేట్. పట్టీ 24 గంటలు. తీశాక ఎరుపుకు, వాపుకు మార్కులు వేస్తారు.

ఇక్కడే పసుపు మళ్లీ అడ్డొస్తుంది. పట్టీ తీయగానే చర్మం పసుపచ్చగా ఉంటుంది, దాని కింద లేత ఎరుపు కనబడదు. ముదురు రంగు చర్మం మీద అది ఇంకా కష్టం. రెండు పనులు చేయండి. పసుపు లేని అదే బేస్ క్రీము పట్టీ ఇంకొకటి పెట్టించండి. సువాసనో, వ్యాక్సో మంట పెడుతుంటే అక్కడ బయటపడుతుంది. రెండోది, చూపుతోపాటు వేలితో తడిమి గట్టిదనం, వాపు కూడా రాయమనండి, మర్నాడు మరక తగ్గాక మళ్లీ చూడమనండి. మరక పోవాలని స్పిరిట్‌తో రుద్దనివ్వొద్దు. రుద్దితే వచ్చే ఎరుపు మీ క్రీము ఖాతాలో పడుతుంది.

అంతకంటే ముందు ముడిసరుకు. మార్కెట్ యార్డు నుంచి వచ్చిన పసుపు కొమ్ముకు మెరుగు పెట్టేటప్పుడు రంగు కలిపితే, ముఖ్యంగా సీసం ఉన్న లెడ్ క్రోమేట్ కలిస్తే, అది నేరుగా క్రీములోకి వస్తుంది. పూర్తయిన క్రీములో సీసం 20 పీపీఎం, ఆర్సెనిక్ 2 పీపీఎం దాటకూడదు. పొడి రూపంలో కొంటుంటే మెటానిల్ ఎల్లో అనే కల్తీ రంగు కూడా చూడండి. చిటికెడు పొడి నీళ్లలో కలిపి గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది, అది స్వచ్ఛమైన పసుపుకూ వస్తుంది. నీళ్లు పోశాక ఆ గులాబీ పోతే పసుపే, నిలిచిపోతే కల్తీ. యాసిడ్ కాబట్టి గ్లవ్స్, కళ్లద్దాలు ఉండాలి. ప్రతి లాటుకూ చేయండి.

పసుపు నేలలో పెరిగేది కాబట్టి బాసిల్లస్ స్పోర్లు మోసుకొస్తుంది, క్రీము చేసేటప్పుడు నీటి భాగాన్ని 75 డిగ్రీలకు వేడిచేసినా అవి చావవు. క్రీములో మొత్తం సూక్ష్మజీవులు గ్రాముకు 1000 దాటకూడదు, పరీక్ష ఐఎస్ 14648 ప్రకారం. దాంతోపాటు ఐఎస్ఓ 11930 ఛాలెంజ్ పరీక్ష కూడా: ఐదు రకాల సూక్ష్మజీవులను కావాలని కలిపి 7, 14, 28 రోజులకు లెక్కిస్తారు. బ్యాక్టీరియా 7 రోజుల్లో వెయ్యో వంతుకు పడిపోవాలి. ఒంటరి ఫినాక్సీఇథనాల్ 0.9తో బూజు దగ్గర తడబడే అవకాశం ఉంది. 0.3 శాతం ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ తోడు పెట్టి చూడండి. అయితే ఇది మార్చాక చర్మ పరీక్ష మళ్లీ మొదటినుంచి చేయాలి. అందుకే ముందు ఛాలెంజ్, ఆ తర్వాతే 439. ఈ వరుస తప్పితే రెండుసార్లు డబ్బు కట్టాలి.

మన ఎండలకు చర్మపు క్రీముల ప్రమాణం ఐఎస్ 6608లో ఉన్న 45 డిగ్రీలు, 48 గంటల పరీక్ష చాలదని నా అభిప్రాయం. మేలో గోదాములో పెట్టె లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది. 45 దగ్గరే మూడు నెలలు ఉంచి, పీహెచ్ వారం వారం చూడండి. 7 దాటితే కర్క్యుమిన్ విరిగిపోవడం మొదలవుతుంది, ఇంకా పైకి పోతే ఎర్రబడుతుంది. గాజు డబ్బా వద్దు, వెలుతురు తగలని డబ్బా వాడండి.

సప్లై_ఫైల్

అందరూ పరీక్షల గురించే రాశారు. కొనుగోలుదారు అడిగిన కాగితం మాత్రం సరఫరాదారుల దగ్గరే పుడుతుంది. మీ క్రీములో ఏడు పదార్థాలు, నీళ్లు తీస్తే ఆరు. సువాసన ఒక్కటే అనుకోవద్దు, అందులో ఇరవై ముప్ఫై ఉంటాయి.

ఒక్కో పదార్థానికీ ఒక లేఖ. అందులో ఇవన్నీ ఉండాలి: ఇన్సీ పేరు (కాస్మెటిక్ పదార్థాల అంతర్జాతీయ పేరు), క్యాస్ నంబరు (రసాయనానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య), అసలు తయారీదారు పేరు (ట్రేడర్ పేరు కాదు), ఒక నిర్దిష్ట తేదీ తర్వాత తాము గానీ, తమ తరఫున ఇంకొకరు గానీ, తమకు సరఫరా చేసేవాళ్లు గానీ కాస్మెటిక్ కోసం జంతువుల మీద పరీక్షించలేదన్న వాక్యం, సంతకం, తేదీ. జంతు పరీక్షలు లేవని ధ్రువీకరించే లీపింగ్ బన్నీ వాళ్లు చూసేది సరిగ్గా ఇదే. తేదీ కచ్చితంగా ఉండాలి, సరఫరాదారులపై నిఘా వ్యవస్థ ఉండాలి, ఏటా మళ్లీ ధ్రువీకరించాలి, బయటివాళ్ల ఆడిట్‌కు ఒప్పుకోవాలి. "మేము క్రూరత్వానికి వ్యతిరేకం" అని లెటర్‌హెడ్ మీద రాసిచ్చే కాగితం ఎందుకూ పనికిరాదు.

ఒక చిక్కు ముందే తెలుసుకోండి. అదే రసాయనం పెయింట్లలో, డిటర్జెంట్లలో కూడా వాడితే, యూరప్ రసాయన చట్టం రీచ్ కింద కార్మికుల భద్రత పేరుతో జంతు పరీక్ష అడుగుతారు. కాస్మెటిక్స్‌లో మాత్రమే వాడే సన్‌స్క్రీన్ పదార్థం హోమోసలేట్‌కు కూడా అడిగారు. తయారీదారు సిమ్‌రైజ్ కోర్టుకెక్కితే 2023 నవంబర్‌లో యూరప్ జనరల్ కోర్టు రసాయనాల ఏజెన్సీ వైపే తీర్పిచ్చింది. కాబట్టి సరఫరాదారు లేఖలో "రీచ్ కోసం చేసినవి మినహా" అని ఉంటే దాచకండి, కొనుగోలుదారుకు ఉన్నదున్నట్టు చూపండి. "ఏ దశలోనూ, ఎప్పుడూ" అని మీరు రాసివ్వొద్దు. ఫినాక్సీఇథనాల్ కూడా ఒకప్పుడు ఎలుకల మీద పరీక్షించిందే. "ఈ ఉత్పత్తిని, దీని పదార్థాలను కాస్మెటిక్ అవసరం కోసం ఫలానా తేదీ తర్వాత మేము గానీ, మా సరఫరాదారులు గానీ జంతువులపై పరీక్షించలేదు" అని రాయండి. ఇది నిజం, నిలబడుతుంది.

డబ్బా మీద పెద్దక్షరాలతో "జంతువులపై పరీక్షించలేదు" అని ప్రత్యేకతలా వేసుకోవద్దు. యూరప్ నిబంధన 655/2013 ప్రకారం చట్టం ఎలాగూ చేయమన్నదాన్ని గొప్పగా చెప్పుకోకూడదు. ఇక్కడ కూడా 2022 తర్వాత తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలున్నాయి. కుందేలు గుర్తు కావాలంటే సంస్థ ధ్రువీకరణ తీసుకునే వేయాలి, ఇంటర్నెట్లోంచి దించి వేయకూడదు. "వీగన్" అన్నది ఇంకో సంగతి. మీ ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ మొక్కలదా, జంతు కొవ్వుదా అని తయారీదారును అడిగి రాయించుకోండి. సెటైల్, స్టియరైల్ ఆల్కహాళ్లు రెండు దారుల్లోనూ వస్తాయి.

దుగ్గిరాల వ్యాపారి దగ్గర ఇలాంటి లేఖ అడిగితే వింతగా చూస్తారు. కొమ్ము అమ్మేవాళ్లకు అది అర్థం కాదు, తప్పు వాళ్లది కాదు. లేఖ తీసుకోవాల్సింది ఎక్స్‌ట్రాక్ట్ తీసే యూనిట్ నుంచి. ఆ యూనిట్ వాళ్లే తమ ఎక్స్‌ట్రాక్ట్‌ను న్యూట్రాస్యూటికల్‌గా కూడా అమ్ముతుంటారు, దానికి ఎలుకల మీద పరీక్షలు చేయించి ఉండవచ్చు. అడగాల్సిన ప్రశ్న సూటిగా ఇదీ: "మీరు నాకిచ్చే గ్రేడు మీద, ఏ అవసరానికి, ఏ సంవత్సరంలో, ఏ జంతు పరీక్ష జరిగింది?" జవాబు ఈమెయిల్లో తీసుకోండి, ఫోన్లో కాదు.